రోహిణి దాటేదాకా

నరసరావుపేట,
1944 ఆగస్టు.

వదినగారు పుల్లమ్మగారికి సరస్వతమ్మ నమస్కరించి రాయునది.

మేమిక్కడ బాగానే ఉన్నాం. మీరూ బాగుండే ఉంటారు. బాగా లేకపోతే ఆ కబురు కూడా నాకు దారిన పోయేవాళ్లే చెప్పి ఉండేవాళ్లు. మా కోటేశ్వరికి మళ్లీ నెల తప్పిందని నాకు ఎవరు చెప్పారనుకున్నారు? పిడుగురాళ్ల నుంచి సున్నం తోలుకొచ్చిన బండివాడు. "మీ గురజాల అమ్మాయి నీళ్లోసుకుందంట గదమ్మా" అని వాడు అంటుంటే, నాకు ముందే తెలిసినట్టు నవ్వాల్సి వచ్చింది. కన్నతల్లిని నేను. మీ మర్యాదకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

సరే, ఇప్పుడు రాసేదేమంటే, ఏడో నెల రాగానే అమ్మాయిని మా ఇంటికి పంపండి. మా లక్ష్మీనారాయణ వచ్చి తీసుకొస్తాడు. పత్తి జిన్నింగు మిల్లులో సెలవుకు ఇప్పుడే చెప్పి పెట్టాడు. చెల్లెలంటే వాడికి ప్రాణమని మీకు తెలుసు. తొలి కాన్పు మా ఇంట్లోనే జరిపించాం, రెండోదీ ఇక్కడే జరిపిస్తాం. మంత్రసాని ధనమ్మకు కబురు చేశా. కోటేశ్వరి పుట్టినప్పుడు నన్ను చూసిన చెయ్యి అది.

ఈసారన్నా పిల్లకు నాలుగు మెతుకులు పెట్టి పంపండి. పోయినసారి మెడ కింద ఎముకలు కనపడుతూ వచ్చింది. తల్లి అట్లా ఉంటే బిడ్డ అట్లా పుట్టక ఎట్లా పుడతాడు? పైగా మీ ఇంటి రక్తంలోనే ఏదో ఉందని ఇక్కడ నలుగురూ అనుకుంటున్నారు. మీ మరిది మూగవాడు గదా. నేను అనడం లేదు. అనేవాళ్ల నోరు మూయించలేక రాస్తున్నా.

అల్లుడు వీరయ్యకు నా ఆశీస్సులు. కోటేశ్వరిని బరువులెత్తొద్దని చెప్పండి.

ఇట్లు,
సరస్వతమ్మ.


గురజాల,
1944 సెప్టెంబరు.

వదినగారికి పుల్లమ్మ నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. వీరయ్య చదివి పెడతానన్నాడు. నాకూ నాలుగక్షరాలు వచ్చు గదా, నేనే చదువుకున్నా. చదివి, మళ్లీ మొదటి నుంచి చదివా. మా చెన్నడి పేరు యాడన్నా ఉందేమో అని. వీరయ్యకు ఆశీస్సులున్నయ్. బరువుల సంగతుంది. మంత్రసాని సంగతుంది. సున్నం బండోడు గూడా ఉన్నాడు. మీ కూతురి తొలిచూలు బిడ్డ, మీ మనవడు, వాడు ఉన్నాడో పోయాడో అని ఒక్క ముక్క లేదు.

అడక్కపోయినా చెబుతా. వాడికి మూడో ఏడు నడుస్తంది. మెడ నిలపడు. కూసోబెడితే పక్కకు ఒరిగిపోతాడు. కాళ్లు రెండూ ఒకదాని మీద ఒకటి మెలేసుకుంటయ్, విడదీస్తే ఏడుస్తాడు. అన్నం మెత్తగా పిసికి, ఒక చేత్తో మెడ పట్టుకుని ఇంకో చేత్తో పెట్టాల. చారెడన్నం లోపలికి పొయ్యేతలికి నా చేతులు తిమ్మిరెక్కుతయ్. నా గొంతు వినపడితే మాత్రం నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే కడుపు తరుక్కుపోద్ది వదినగారూ. మీకు ఆ బాధ లేదు, మీరు వాణ్ణి చూడటానికే రారు.

తిండి పెట్టలేదన్నారు. మా ఇంట్లో పాడికి కరువా, జొన్నలకు కరువా? మీ పిల్ల వేవిళ్లతో ఏం తిన్నా కక్కుకుంటే, దగ్గర కూసోని మజ్జిగ తాగించింది నేను. మా మరిది పుట్టు మూగ కాదు, చిన్నప్పుడు విషజ్వరం తగిలి మాట పడిపోయింది. ఊరంతా ఎరిగిన సంగతి. మా రక్తం జోలికి రామాకండి.

నేను మీ ఇంటికి పంపింది నిక్షేపం లాంటి పిల్లని. మీరు తిరిగి పంపింది పుట్టగానే ఏడవటం గూడా చేతగాని బిడ్డని. నల్లగా కమిలిపోయి, ఊపిరి లేకుండా పుట్టాడంట. ధనమ్మ తలకిందులు చేసి కొట్టిందంట, ఊపిరొస్తదేమోనని మాయను నిప్పుల మీద కాచిందంట. ఈ సంగతులన్నీ నాకు పురిటిస్నానం అయిందాకా ఎవరూ చెప్పలా. "బాబు పుట్టాడు, తల్లీబిడ్డా క్షేమం" అని కార్డు రాశారు మీరు. ఆ కార్డు చదివి నేను ఊళ్లో బెల్లం పంచిపెట్టా.

పిల్లను పంపను. ఈసారి గుంటూరు తీసకపోతా. ఆడ ఒక లేడీ డాక్టరమ్మ ఉందంట. చెన్నణ్ణి గూడా తీసకపోయి చూపిస్తా. వీడు ఎందుకిట్టా పుట్టాడో అడుగుతా. రెండోది గూడా ఇట్టా పుడితే నా కోడలు బతకదు. అది పైకి అనదు గానీ నాకు తెలుసు.

పుల్లమ్మ.


నరసరావుపేట,
1944 అక్టోబరు.

పుల్లమ్మగారికి,

ఆసుపత్రా! మా ఇంటి ఆడపిల్ల ఇంతవరకూ ఆసుపత్రి మంచం ఎక్కింది లేదు. నేను పోయాక ఎక్కించండి. లేకపోతే నేను పోయానని మీరే ఊరంతా చెప్పేసి ఎక్కించండి. అమ్మ బతికుండగా పిల్ల పురిటికి పుట్టింటికి రాకపోతే నలుగురూ ఏమనుకుంటారో మీకు తెలియదా? తెలుసు. తెలిసే చేస్తున్నారు.

అక్కడ ఎవరెవరో వస్తారు, ఎవరెవరో తాకుతారు. ఇనప పటకార్లతో బిడ్డ తలకాయ పట్టి బయటికి లాగుతారంట. మా పక్కింటివాళ్ల బంధువుల పిల్లకు అట్లానే చేశారు, బిడ్డ నుదుటి మీద మచ్చ ఇంకా పోలేదు. మీకు నా మీద కోపముంటే నన్ను తిట్టండి. నా కూతుర్ని తీసుకెళ్లి ఆ ఇనప సామాను ముందు పడుకోబెట్టకండి.

చెన్నడి సంగతి అడగలేదన్నారు. ఏమని అడగను? అడిగితే వాడికి మెడ నిలుస్తుందా? దేవుడు వాడి నుదుట అట్లా రాశాడు. డాక్టరమ్మ వచ్చి ఆ రాత చెరుపుతుందా? అయిపోయిన పురుటి సంగతులు ఇప్పుడు తవ్వి ఎవరికి లాభం? తవ్వొద్దని చెబుతున్నా. కోటేశ్వరిని కూడా ఊరికే ఇది చెప్పు అది చెప్పు అని సతాయించకండి. ఒట్టి మనిషి కాదు.

సున్నుండలూ, కారప్పొడీ, రెండు మెత్తటి పాత చీరలూ బస్సులో పంపుతున్నా. పెట్రోలు కరువుతో బొగ్గు మీద నడిచే ఆ బస్సు ఎన్నిచోట్ల ఆగుతుందో, సున్నుండలు పొడైపోతాయో ఏమో. పొడైనా పిల్లకే పెట్టండి, మీ పాలేళ్లకు కాదు.

సరస్వతమ్మ.


గురజాల,
1944 నవంబరు.

సరస్వతమ్మా,

ఇక వదినా లేదు, గారూ లేదు. నీకు ఆ మర్యాదలు ఇక నా నోటి నుంచి రావు.

గుంటూరు పోయొచ్చాం. డాక్టరమ్మ ముందు కోటేశ్వరిని చూసింది. బిడ్డ బాగుందంది. తరవాత చెన్నణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, మోకాళ్ల మీద చిన్న సుత్తితో తట్టి, తలకాయ చుట్టూ టేపు పెట్టి కొలిచి, చానాసేపు చూసింది. చూసి, "వీడు పుట్టగానే ఏడ్చాడా?" అనడిగింది. లేదన్నా. "ఏ రంగులో ఉన్నాడు?" అంది. విన్నది చెప్పా.

అప్పుడు ఆమె నన్ను కూసోబెట్టి చెప్పింది. ఇది రక్తంలో లోపం కాదంట. తిండిలో లోపం గూడా కాదంట. కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు ఊపిరి బొడ్డుతాడు గుండానే అందుద్దంట. నొప్పులు ముదిరి తల కిందికి దిగాక, బిడ్డ బయటికి రాకుండా దారి మధ్యలో నిలిచిపోతే, ఒక్కో నొప్పికీ ఆ ఊపిరి తగ్గిపోతా ఉంటదంట. ఊపిరి అందకపోతే ముందు చచ్చేది మెదడంట. "ఒకసారి పోయిన మెదడు మళ్లీ మొలవదమ్మా. వీడికి అదే జరిగింది" అంది. అని, కోటేశ్వరి వైపు తిరిగి, "ఆ రోజు కాన్పును ఎవరన్నా ఆపారా?" అనడిగింది.

నీ కూతురు తలొంచుకుని లేదంది. నిన్ను కాపాడటానికి డాక్టరు ముందు గూడా అబద్ధమాడింది. రైలు నడికుడి దాటాక నా ఒళ్లో మొహం పెట్టుకుని అప్పుడు చెప్పింది.

ఆ రోజు రోహిణి. రోహిణిలో బిడ్డ పుడితే మేనమామకు గండం. నీ కొడుకు లక్ష్మీనారాయణకు గండం. అందుకని మృగశిర వచ్చేదాకా ఆపమన్నావు. బిడ్డ తల కనపడుతుండగా నా కోడలి మోకాళ్లు రెండూ దగ్గరపెట్టి పాత పంచెతో కట్టించావు. ధనమ్మ వద్దమ్మా అంటే, "నోరుమూసుకుని చెప్పింది చెయ్యవే" అని ఒక కాలు ఆమె చేత పట్టించి, ఇంకో కాలు నువ్వు పట్టుకున్నావు. పిల్ల గోలుగోలున అరుస్తుంటే, "అన్నయ్య కోసం ఓర్చుకో తల్లీ, ఇంకాసేపే, రోహిణి దాటేదాకా" అన్నావంట. తల్లివి నువ్వు!

ఏమే, మీ ఇంట్లో నూనెగిన్నె లేదా? మా ఊళ్లో రోహిణిలో పుట్టినోళ్లు ఎంతమంది లేరు, వాళ్ల మేనమామలంతా చచ్చారా? గిన్నెడు నువ్వుల నూనె పోసి, పసిగుడ్డు మొహం ఆ నూనెలో మేనమామకు చూపించి శాంతి చేయిస్తారు. మాలాంటి పల్లెటూరోళ్లకు తెలిసిన సంగతి పేటలో ఉన్నదానివి నీకు తెలియలా? గిన్నెడు నూనెతో పొయ్యేదానికి నా మనవడి మెదడు తీశావు గదే.

తీసి, తిండి పెట్టలేదని నన్నన్నావు. మా రక్తం చెడ్డదన్నావు. మాటరాని మా మరిదిని అన్నావు, వాడు తిరిగి నిన్ను ఏమీ అనలేడని. ఇన్నాళ్లూ మా చెన్నడు మా వంశంలో ఏ పాపానికి పుట్టాడో అని నేను కోటప్పకొండ మెట్లెక్కి పొర్లుదండాలు పెట్టొచ్చా.

వీరయ్యకు చెప్పా. వాడు పోయి గొడ్లసావిట్లో కూసున్నాడు, అన్నానికి గూడా రాలా.

డాక్టరమ్మ ఈసారి నెలలు నిండకముందే గుంటూరొచ్చి ఉండమంది. ఎడం పక్కకు తిరిగి పడుకోమంది, అట్టా పడుకుంటే బిడ్డకు నెత్తురు బాగా అందుద్దంట. చెక్క గొట్టం పొట్ట మీద పెట్టి బిడ్డ గుండె వింటా ఉంటారంట. గుండె నెమ్మదించిందంటే ఊపిరి చాలటం లేదని తెలిసిపోద్దంట, ఇక ఆలస్యం చెయ్యకుండా బయటికి తీస్తారంట. నువ్వు తిట్టిన ఆ పటకార్లు అందుకేనంట.

నీ సున్నుండలు గొడ్లకు పెట్టా. నా గడప తొక్కమాక.

పుల్లమ్మ.


నరసరావుపేట,
1944 డిసెంబరు.

పుల్లమ్మా,

నీ ఉత్తరం నా చేతికి రాలేదు. పోస్టు బంట్రోతు గుమ్మంలో లక్ష్మీనారాయణకు ఇచ్చి పోయాడు. గురజాల నుంచి చెల్లెలి కబురని వాడు సంబరంగా చింపి, నిలబడే చదివాడు. నేను కంచంలో అన్నం వడ్డించి పిలుస్తున్నా. వాడు వచ్చి, "అమ్మా, ఇది నిజమేనా?" అన్నాడు. అంతే అన్నాడు. కంచం అట్లానే ఉంది. చొక్కా వేసుకుని వెళ్లిపోయాడు. ఎక్కడికి పోయాడో తెలియదు. నీ కళ్లు చల్లబడ్డాయా?

అవును, కట్టించా. నువ్వేదో దొంగను పట్టుకున్నట్టు రాశావు. పట్టుకో. మా ఆయన పోయేనాటికి వాడు చంకలో ఉన్నాడు, కోటేశ్వరి కడుపులో ఉంది. ఆయన వైపు వాళ్లు నన్ను ఆయన ఆఖరి చూపు కూడా చూడనివ్వకుండా గెంటేస్తే, ఈ ఊరొచ్చి, వాళ్ల వీళ్ల ఇళ్లల్లో అప్పడాలు ఒత్తి వాణ్ణి పెంచా. వాడికి జాతకంలో అల్పాయుష్షు ఉందని చిన్నప్పుడే చెప్పారు. కాన్పు రోజున మా సిద్ధాంతిగారు, "ఈ గండం నూనెతో పోయేది కాదమ్మా, ఈ జాతకుడికి రోహిణి మేనల్లుడు పనికిరాడు" అన్నారు. నూనెగిన్నె నాకు తెలియకపోవడమేంటి! నీకు తెలిసినవన్నీ నాకూ తెలుసు.

ఒక పక్క నేను ఇంకా ముఖం కూడా చూడని బిడ్డ. ఇంకో పక్క నేను కని పెంచిన కొడుకు. కాస్త ఆలస్యంగా పుడతాడనుకున్నా. అంతే అనుకున్నా. మెదడనీ, ఊపిరనీ నాకు ఏ డాక్టరమ్మ వచ్చి చెప్పింది? నీకు మాత్రం మొన్నటిదాకా తెలుసా?

పెద్ద ధర్మరాజు తల్లిలా రాశావు. సరే, ఒక్కమాట అడుగుతా చెప్పు. నీకూ బొట్టు పోయింది, నీకూ ఒక్కడే కొడుకు. నేనూ పంచాంగం చూపించా. కోటేశ్వరికి నెలలు నిండేది శివరాత్రికి కాస్త ముందు. సరిగ్గా ఆ రోజుల్లోనే మూల వస్తుంది. మూల మొదటి పాదంలో బిడ్డ పుడితే గండం మేనమామకు కాదు, తండ్రికి. అంటే నీ వీరయ్యకు.

అప్పుడు నీ చెయ్యి ఎక్కడుంటుందో నేనూ చూస్తా. ఆ రోజున నాకు రాయి, నూనెగిన్నె నీతులు.

సరస్వతమ్మ.


గురజాల,
1945 జనవరి.

సరస్వతమ్మకు,

నీ కొడుకు మా ఇంట్లో ఉన్నాడు. బతికే ఉన్నాడు. వెతుక్కోమాక.

ఆ రోజు పొద్దుగూకేముందు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాడు. "నన్ను కొట్టండి అత్తయ్యా" అంటాడు. నిన్ను కొడితే నాకేం వచ్చిద్దిరా, కాళ్లు కడుక్కో అన్నా. వీరయ్య మొహం తిప్పుకుని పోయాడు. నీ వాడు వసారాలో కూసోని, చెన్నణ్ణి ఒళ్లో పెట్టుకుని, ఒకటే ఏడుపు. బిడ్డ వాడి మొహం చూసి నవ్వుతున్నాడు. ఇక నేను లోపలికి పోయా, ఆ రెండూ ఒకసారే చూడలేక.

మిల్లుకు సెలవు రాసి పంపాడంట. నాకు సాయం ఉంటానంటున్నాడు. ఉండమన్నా. వాడి తప్పేం లేదు, వాడి కోసం ఎవరేం చేశారో వాడికి తెలియదు. చెన్నడికి అన్నం పెట్టటం నేర్చుకుంటున్నాడు.

నీ మూల సంగతి. నువ్వు రాసిందాన్ని కాల్చేశా. కాల్చాక మా సిద్ధాంతి దగ్గరికి నేనే పోయా. పోకుండా ఉండలేకపోయా. ఆయన గూడా అదే చెప్పాడు. మొదటి పాదమైతే తండ్రికేనంట. శాంతి చేస్తే పోద్దా అంటే, "చేద్దాం లెండి" అన్నాడు. పోద్దని అనలా.

వీరయ్యకు చెప్పలా. కోటేశ్వరికీ చెప్పలా. ఈ ముల్లు నువ్వే గుచ్చావు, నాకొక్కదానికే గుచ్చావు. వీరయ్య జొన్న చేనికి పోతుంటే వాడి వీపు కనపడినంతసేపూ చూస్తా నిలబడుతున్నా. నిద్ర లేదు, తిండి లేదు. సంతోషమేనా? నువ్వు కోరింది ఇదేగా.

వచ్చే వారం గుంటూరు పోతున్నాం. ఆసుపత్రి పక్క సందులో ఒక గది మాట్లాడాడు వీరయ్య. నీ కొడుకు చెన్నణ్ణి తీసుకుని మాతో వస్తాడు. నువ్వు మాత్రం రామాక. నిన్ను చూస్తే పిల్లకు మళ్లీ ఆ రోజు గుర్తొచ్చిద్ది.

పుల్లమ్మ.


నరసరావుపేట,
1945 ఫిబ్రవరి.

వదినా,

గుంటూరు గది చిరునామా మావాడు కార్డు ముక్క మీద రాసి పంపాడు. చిరునామా తప్ప ఇంకొక అక్షరం రాయలేదు. అమ్మా అని కూడా రాయలేదు.

నీ మీద నాకు కొత్తగా ప్రేమ పుట్టుకొచ్చి ఇది రాయడం లేదు. నువ్వు నన్ను అన్న మాటలు నేను చచ్చేదాకా మర్చిపోను. కానీ ఇక్కడ వీధిలో కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కడుతున్నారు, శివరాత్రి దగ్గరకొస్తోంది, నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు.

మూల సంగతి నీ మీద కసితో రాశా. నువ్వు కూడా నాలాగే చేస్తావని, చేశాక ఇక నన్నేమీ అనలేవని, అదే కోరుకుంటూ రాశా. రాసి పోస్టులో వేసి ఇంటికొచ్చి కూర్చున్నాక భయమేసింది. నువ్వు కొడుకును చూసుకుని నిజంగానే ఆపిస్తే? ఆ బిడ్డ కూడా మెడ వాల్చేస్తే?

నువ్వు దెప్పావుగా, చెన్నణ్ణి చూడటానికే రానని. ఎందుకో చెబుతా. ఎత్తుకుంటే వాడి తల నా మోచేతి మీద నుంచి జారిపోతుంది. పురిట్లో ఒకసారి జారింది. అప్పుడే నాకు ఏదో తెలిసింది. తెలిసినదాన్ని అప్పటి నుంచీ నీ మీదికి తోస్తూ వచ్చా.

ఆపకు వదినా. ఎవరేం చెప్పినా, ఏ నక్షత్రమైనా, ఆపొద్దు. నా కూతురి కాళ్లు ఎవరినీ పట్టుకోనివ్వకు. నన్ను రమ్మని అడగను.

సరస్వతమ్మ.


గుంటూరు,
1945 ఫిబ్రవరి.

సరస్వతమ్మకు,

నీ ఉత్తరం నిన్న అందింది. బిడ్డ మొన్న పుట్టింది. నువ్వు ఆపొద్దని రాసిన ముక్క నేను చదివేతలికి అంతా అయిపోయింది. కాబట్టి నీ మాట విని చేశాననుకోమాక.

ఆడపిల్ల. జరిగింది జరిగినట్టు రాస్తా. నువ్వు చూస్తానన్నావు గదా నా చెయ్యి యాడుంటదో. విను.

పొద్దున నొప్పులు మొదలైనయ్. ఆసుపత్రిలో పడుకోబెట్టారు. మధ్యాన్నానికి మూల వచ్చింది. దీపాలు పెట్టే వేళదాకా మొదటి పాదం. నాకు ఆ లెక్క కంఠతా వచ్చు, నీ పుణ్యమా అని. నన్ను మంచం పక్కన నిలబడనిచ్చారు. వీరయ్య వరండాలో ఉన్నాడు. వాడి దగ్గు నాకు వినపడతానే ఉంది.

డాక్టరమ్మ చెక్క గొట్టం పొట్ట మీద పెట్టి వింటా, నొప్పి తగ్గినప్పుడల్లా తల ఊపుతా ఉంది. ఒకసారి ఊపలా. మళ్లీ విన్నది. నర్సుతో ఏదో ఇంగ్లీషులో అంది. పిల్లను ఎడం పక్కకు తిప్పారు. ఇనప సిలిండరు దొర్లించుకొచ్చి, ముక్కు మీద రబ్బరు తొడుగు పెట్టి గాలి వదిలారు. "తల్లికి అందితే బిడ్డకు కొంత అందుద్ది" అంది నాతో. ఇంకాసేపు విని, "గుండె నెమ్మదిస్తోందమ్మా, పటకారు వేసి ఇప్పుడే తీస్తా" అంది.

కిటికీలో చూశా. ఇంకా ఎండ ఉంది. మొదటి పాదం.

నా నోట్లోకి ఏ మాటొచ్చిందో తెలుసా? "ఇంకాసేపు ఆగరాదా అమ్మా" అని. పైకి గూడా అన్నా. ఆమె నావైపు చూసి, "ఆగితే ఇంకో చెన్నడమ్మా" అంది. అప్పటికే నా చెయ్యి కోటేశ్వరి మోకాలి మీద ఉంది. ఎప్పుడు పోయిందో నాకు తెలియదు సరస్వతమ్మా. ఒట్టు. పిల్ల ఆ తొడుగు పక్కకు లాక్కుని, "అత్తా, నా కాళ్లు పట్టుకోవద్దత్తా" అంది. అది అన్న తీరు విన్నా నేను. నీకూ ఆ రోజు అట్టానే చెప్పి ఉంటది.

చెయ్యి తీసేశా. తీసి వెనక్కి కట్టుకున్నా. "తియ్యండమ్మా" అన్నా.

తీశారు. కమిలి ఉంది గానీ నల్లగా లేదు. నోట్లో నెమ్ము లాగి, వీపు రుద్దారు. అప్పుడు ఏడ్చింది. ఏడుపు కాదు అది, ఊరిమీదికి తగాదాకొచ్చినట్టు ఉంది. వరండాలో వీరయ్య లేచి నిలబడ్డాడంట. నుదుటి మీద పటకారు మచ్చుంది, నువ్వు అన్నట్టే. ఉండనీ. డాక్టరమ్మ దాని చేతులూ కాళ్లూ కదిలించి, పిడికిట్లో తన వేలు పెట్టి చూసి, "గట్టిగా పట్టుకుంది, బాగుంది" అంది.

వీరయ్యకు అప్పుడు చెప్పా, మూల సంగతీ, నా చెయ్యి సంగతీ, అన్నీ. వాడు, "ఏడుపు విన్నానమ్మా, నాకది చాలు" అన్నాడు. నాకు చాలదు. వాడికి కాలిలో ముల్లు గుచ్చుకున్నా ఇక నేను ఈ రోజే తలుచుకుంటా. రెండో పాదమైతే తల్లికి గండమంట, ఆ తరవాత అడిగితే చెప్పారు. అంటే ఆపితే కోటేశ్వరి మెడ మీదికి పొయ్యేది. ఎటు తిప్పినా ఇంట్లో ఎవర్నో ఒకర్ని పణం పెట్టమనే లెక్క ఇది. ఈ లెక్కకు నువ్వొకర్ని పెట్టావు. నేనూ పెట్టబోయా. నీకూ నాకూ మధ్య తేడా నీ కూతురు అన్న ఆ ఒక్క మాట. ఇది రాయటం నాకు ఎంత అసహ్యంగా ఉందో నీకు తెలియదు.

నిన్ను క్షమించానని రాయను. చెన్నణ్ణి చూసినప్పుడల్లా నిన్ను తిట్టుకుంటా, చచ్చేదాకా తిట్టుకుంటా.

మళ్లీ మూల వచ్చిన రోజున గురజాలలో శాంతి. అప్పటిదాకా వీరయ్య బిడ్డ మొహం చూడకూడదు. ఆ రోజు నువ్వు రా. లక్ష్మీనారాయణను పంపుతా, వాడితో రా. నీతో మాట్లాడతానని అనుకోమాక. నువ్వుల నూనె పోసి గిన్నె పట్టుకునేదానివి నువ్వు. ఆ రోజు పట్టుకోకుండా వదిలేసిన గిన్నె ఇదేనే, ఇప్పుడన్నా రెండు చేతులతో పట్టుకో. అందులో మనవరాలి మొహం నా కొడుక్కి చూపించు.

అదయ్యాక పోదామని చూడమాక. ఆ పూట చెన్నడికి అన్నం నువ్వే పెట్టాల. తల జారిద్దని భయపడ్డావు గదా. ఎడం చేయి మెడ కిందికి పోనిచ్చి, వేళ్లు వెడల్పుగా పెట్టాల. ముద్ద పెట్టాక వాడు మింగిందాకా ఆగాల. కూసో, మెడ ఎట్టా పట్టుకోవాలో నేను చూపిస్తా.

పుల్లమ్మ.